ఏ ఆవో తేల్చవలెను

ఎమిల్ హాల్వర్సన్‌కి చేతికి వచ్చిన దాన్ని ఒకసారైనా తిప్పి పంపకపోతే తోచదు. క్షవరం చేయించుకుంటే తల తిప్పి పంపుతాడు. పెళ్ళి పిలుపు వస్తే కార్డు తిప్పి పంపుతాడు. అలాంటి మనిషిని తీసుకుపోయి రాష్ట్ర సుప్రీంకోర్టులో జడ్జిగా కూర్చోబెట్టారు. అక్కడికి వచ్చేవన్నీ కింది కోర్టుల తీర్పులు. వాటిని ఉంచడమో, కొట్టేయడమో, మళ్ళీ విచారించమని తిప్పి పంపడమో ఆ కోర్టు పని. ఇక చెప్పేదేముంది? పిచ్చివాడికి జీతమిచ్చి, కారిచ్చి, నల్లగౌను తొడిగి, నీ పిచ్చే నీకు ఉద్యోగమన్న ప్రభుత్వం ప్రపంచంలో మాదొక్కటేనని హార్వే క్రీక్ జిల్లా జడ్జి లైల్ గ్రేబర్ అనేవాడు.

ఆ మాట అనే హక్కు లైల్‌కి ఉంది. హాల్వర్సన్ తిప్పి పంపిన తీర్పుల్లో సగానికి పైగా లైల్ రాసినవే.

ఇద్దరిదీ ఒకే ఊరు, ఆ హార్వే క్రీకే. హాల్వర్సన్ పై కోర్టుకి వెళ్ళకముందు లైల్ ఇప్పుడు కూర్చున్న కుర్చీలోనే కూర్చునేవాడు. వారమంతా రాజధానిలో ఉండి, శనివారం పొద్దున్నే పాత ట్రక్కు వేసుకుని ఊరొచ్చి, డోరీన్ హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూలబడేవాడు. ఆ ఊళ్ళో పొద్దున్నపూట కాఫీ దొరికేది అక్కడొక్కచోటే. లైల్‌కీ కాఫీ లేకపోతే తల పనిచెయ్యదు. అందుకని ప్రతి శనివారం, తనని వారమంతా ఏడిపించిన మనిషిని ఎదురుగా చూస్తూ గుడ్లు తినాల్సి వచ్చేది.

“డోరీన్, ఈ ఆపిల్ పై ముక్క ఒకసారి లోపలికి తీసుకెళ్ళు,” అనేవాడు హాల్వర్సన్.

“ఏమొచ్చింది దానికి?”

“ఏమీ రాలేదు. ఇంకోసారి చూసుకోమను.”

“ఎవర్ని?”

“చేసినవాళ్ళని.”

“చేసింది నేను. చూసే తెచ్చాను.”

“మళ్ళీ చూడు.”

డోరీన్ ఆ పై ముక్కని వంటగదిలోకి తీసుకెళ్ళి, పొయ్యి ముందు నిలబడి, ఆయన వంశాన్ని తాతముత్తాతల నార్వే దాకా తిట్టి, అదే ముక్కని అదే ప్లేటులో తెచ్చేది. “చూశాను,” అనేది. “ఇప్పుడు బావుంది,” అని ఆయన తినేవాడు. ఒక్కోసారి తీరా లోపలికెళ్ళి చూస్తే, పైన వెయ్యాల్సిన మీగడ వెయ్యలేదని తెలిసేది. నాలుక కరుచుకుని వేసి తెచ్చేది. ఆ సంగతి ఆమె చెప్పేది కాదు, ఆయన అడిగేవాడు కాదు.

ఆదివారం చర్చిలో పాస్టర్‌కీ ఇదే గతి. ప్రార్థన అయ్యాక గుమ్మంలో అందరూ చెయ్యి కలిపి “చాలా బాగా చెప్పారండీ” అని వెళ్ళిపోతుంటే, హాల్వర్సన్ చెయ్యి వదలకుండా, “ఆ క్షమ గురించి చెప్పిన భాగం ఇంకోసారి చూసుకోండి,” అనేవాడు. పాస్టర్ నిజంగానే చూసుకుని వచ్చే ఆదివారం అదే ప్రసంగం మళ్ళీ చేసేవాడు. ఊరంతా కూర్చుని క్షమ గురించి రెండోసారి వింటూ హాల్వర్సన్‌ని క్షమించలేకపోయేది.

ఒకసారి హైవే మీద వేగంగా పోతున్నాడని పోలీసు పట్టుకుంటే, రాసిచ్చిన చీటీ చదివి, “ఇందులో ట్రక్కు రంగు తప్పు రాశావు నాయనా. ఇలాగైతే కోర్టులో నిలవదు. మళ్ళీ రాయి,” అని తిప్పి ఇచ్చాడు. పోలీసు మళ్ళీ రాశాడు. ఈసారి నిలిచేలా రాశాడు. ఆయన సంతోషంగా జరిమానా కట్టాడు.

భార్య పోయినప్పుడు సమాధి రాయి కూడా తిప్పి పంపాడు. పుట్టిన ఏడాదికీ పోయిన ఏడాదికీ మధ్య గీత పొట్టిగా ఉందట. “ఆవిడ అంత తక్కువ బతకలేదు,” అన్నాడు. రాయి చెక్కేవాడు గీత పొడిగించాడు. దానికి మాత్రం ఊళ్ళో ఎవరూ నవ్వలేదు.

కానీ ఊరి వాళ్ళకి ఆయన శనాదివారాల వినోదం. లైల్‌కి ఆయన ఉద్యోగమంతా వెంటాడిన పీడ.

మొదట ఆవుల కేసు. ప్రోకోప్ అన్నదమ్ములవి పక్కపక్క పొలాలు. తమ్ముడు బాగుచెయ్యకుండా వదిలేసిన కంచె గాలివానకి పడిపోయింది. అన్న ఆవులు దాటి వెళ్ళి, తడిసిన లూసర్న్ గడ్డి మేసి, కడుపుబ్బి చచ్చాయని అన్న కోర్టుకెక్కాడు. లైల్ ఎండాకాలమంతా విని, సెలవులు మానుకుని, ముచ్చటైన తీర్పు రాశాడు. ఆవుల నష్టం తమ్ముడే భరించాలన్నాడు. రైతుకి కంచె అంటే ఏమిటో, అన్నదమ్ములంటే ఏమిటో కూడా రాశాడు. దాన్ని భార్యకి చదివి వినిపిస్తే ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

తమ్ముడు అప్పీలుకెళ్ళాడు. కొంతకాలానికి పై కోర్టు నుంచి హాల్వర్సన్ రాసిన తీర్పు వచ్చింది. కంచె లేదు, అన్నదమ్ములు లేరు. మొత్తం ఇంతే:

“పదకొండో పేరాలో ‘సదరు ఆవు’ అని ఉన్నది. దానికి ముందు పేరాలో రెండు ఆవులున్నవి. సదరు ఆవు ఏ ఆవో కింది కోర్టు తేల్చవలెను. తిప్పి పంపడమైనది.”

శనివారం లైల్ హోటల్లోకి వచ్చి కోటు కూడా విప్పలేదు.

“ఏ ఆవైతే ఏమిటండీ? రెండూ చచ్చాయిగా!”

“కేసు నీ కోర్టులో ఉందోయ్,” అన్నాడు హాల్వర్సన్. “ఆవుల గురించి మనం మాట్లాడకూడదు. వానల గురించి మాట్లాడు.”

“వానకే కదండీ కంచె పడింది!”

“అయితే వానల గురించి కూడా వద్దు. డోరీన్, ఈ కాఫీ ఒకసారి లోపలికి తీసుకెళ్ళు.”

లైల్ తిట్టుకుంటూ ఆవుల ఫైలు మళ్ళీ తెరిచాడు. ఏ ఆవో తేలాలంటే పశువుల డాక్టరు సాక్ష్యం మొదటి నుంచి చదవాలి. చదివాడు. చదువుతుంటే, రెండో ఆవు కంచె పడకముందే ఇంకేదో జబ్బుతో చచ్చిందని డాక్టరు స్పష్టంగా చెప్పినట్టు కనిపించింది. మొదటిసారి లైల్ ఆ పేజీ చూడలేదు. సరే, పనిలో పనిగా తమ్ముడి మీద వేసిన భారం సగానికి తగ్గించి, ‘సదరు ఆవు, అనగా నల్లమచ్చల ఆవు’ అని కసిగా రాసి పంపాడు. ఈసారి పై కోర్టు కిక్కురుమనలేదు.

“ఆయన ఆవుల్ని లెక్కపెడుతూ కూర్చుంటే అసలు తప్పు పట్టుకుంది నేను,” అన్నాడు లైల్ ఆ శనివారం డోరీన్‌తో, పక్క బల్లకి వినబడేలా.

“అవునా?” అన్నాడు హాల్వర్సన్, ప్లేటులోంచి తలెత్తకుండానే. “మంచి పని చేశావోయ్.”

ఆ తరవాత అదొక వరస అయిపోయింది. ఒక తీర్పులో కామా లేదని తిప్పి పంపాడు. ఇంకో తీర్పులో కామా ఎక్కువైందని తిప్పి పంపాడు. ‘దక్షిణం’ అని రాయాల్సిన చోట ‘దక్షిణపు వైపు’ అని రాశాడని ఒక గట్టు తగాదా తిప్పి పంపాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ లైల్ పళ్ళు నూరుకుంటూ ఆ కాగితాలు మళ్ళీ చదివేవాడు. చదివితే ఏదో ఒకటి కనబడేది, దిద్దేవాడు. దిద్దినందుకు తనని తానే మెచ్చుకునేవాడు. కామా కోసం తిప్పి పంపినందుకు హాల్వర్సన్‌ని ఇంకాస్త ద్వేషించేవాడు. రాష్ట్రంలో లాయర్లు ‘గ్రేబర్ పోస్టు’ అని ఒక మాట పుట్టించారు. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చే ఉత్తరానికి ఆ పేరు.

వాటన్నిటిలోకీ లైల్‌కి బాగా గుర్తున్నది యెసేనియా వార్గస్ కేసు. ఆమె మాంసం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసేది. విడిపోయిన మొగుడు, పిల్లని రాత్రంతా ఒంటరిగా వదిలేసి పోతోంది, నాకిప్పించండని కోర్టుకొచ్చాడు. లైల్ ఫైలు చూశాడు. రాత్రిళ్ళు ఇంట్లో ఉండేది పిల్ల ఒక్కతేనని అతనికి అర్థమైంది. మండిపోయి, పిల్లని తండ్రికి అప్పగించాడు. తల్లి బాధ్యత గురించి గట్టిగా నాలుగు ముక్కలు కూడా రాశాడు.

అప్పీలులో హాల్వర్సన్ రాసింది రెండు వాక్యాలు. “ఒకచోట నోయెలా అనియు, మరొకచోట నోయెలియా అనియు ఉన్నది. పాప పేరు ఏదో కింది కోర్టు తేల్చవలెను.”

లైల్ కాగితం బల్లమీద కొట్టాడు. ఒక పసిపిల్ల బతుకు తేలాల్సిన చోట ఈ ముసలాడికి అక్షరాలు కావలసి వచ్చాయి. సరేనని తల్లిని పిలిపించాడు. ఆమె డ్యూటీ దిగి, రబ్బరు బూట్లతో అలాగే వచ్చింది.

“అమ్మా, మీ పాప పేరు ఎలా రాస్తారో చెప్పండి. పై కోర్టువారికి నిద్ర పట్టడం లేదు.”

“నోయెలా అండీ.”

“మరి నోయెలియా అని ఎందుకు రాయించారు?”

“ఆవిడ మా అమ్మండీ. ఆవిడ పేరే పాపకి పెట్టుకున్నాం, చివర కాస్త తగ్గించి.”

“మీ అమ్మగారు ఎక్కడుంటారు?”

ఆమె లైల్ మొహంలోకి వింతగా చూసింది. “మాతోనేనండీ. నేను డ్యూటీకి పోతే పాప దగ్గర పడుకునేది అమ్మే కదండీ. ఇక్కడికొచ్చి, ఇదిగో ఈ బోనులో నిలబడి మీకు చెప్పింది కూడా.”

లైల్ కాగితాలు తిప్పాడు. ‘నోయెలియా రాత్రంతా ఇంట్లోనే ఉంటుంది’ అని ఉంది. మొదటిసారి చదివినప్పుడు అతను ఆ వాక్యంలో పసిపిల్లని చూశాడు. ఆ రోజు సాయంత్రానికల్లా పిల్లని తల్లికి తిరిగి ఇప్పించాడు. ఇంటికి వెళ్తూ కారులో అనుకున్నాడు, ఎంత పెద్ద జడ్జికైనా తన తప్పు తాను దిద్దుకునే గుండె ఉండాలి అని. ఆ గుండె తనకుందని తృప్తిపడ్డాడు.

ఈలోగా సుప్రీంకోర్టులో ఒక జడ్జి కుర్చీ ఖాళీ అయింది. లైల్ చిన్నప్పటి నుంచి కోరుకున్న కుర్చీ అది. దరఖాస్తు పెట్టి, కొత్త సూటు కుట్టించుకుని ఎంపిక సంఘం ముందు కూర్చున్నాడు. సంఘం పెద్ద మర్యాదస్తుడు.

“గ్రేబర్ గారూ, మీ అనుభవానికి వంక పెట్టడానికి లేదు. కానీ మీరు రాసినవన్నీ తిరిగొచ్చాయేమండీ?”

“అన్నీ కామాలండీ,” అన్నాడు లైల్.

“కామాలే పెట్టలేనివారు...” అని ఆయన నవ్వి, మిగతాది మర్యాదగా మింగేశాడు.

కుర్చీ ఇంకెవరికో పోయింది. ఆ సూటు లైల్ మళ్ళీ వేసుకోలేదు.

మా రాష్ట్రంలో జడ్జీలకి పోటీ ఎన్నికలు లేవు. కొన్నేళ్ళకోసారి ఆ జడ్జి పేరు బ్యాలెట్టు మీద వేసి ‘ఉంచాలా, వద్దా’ అని మాత్రం జనాన్ని అడుగుతారు. సాధారణంగా జనం చదవకుండా ఉంచమనేస్తారు. ఆ ఏడాది హాల్వర్సన్ వంతు వచ్చింది. ఆయన ఆలస్యాలతో విసిగిపోయిన వ్యాపారస్తులు కొందరు ‘సత్వర న్యాయ సంఘం’ అని ఒకటి పెట్టి, వద్దనండి అని ఊరూరా ప్రచారం మొదలుపెట్టారు. లైల్‌ని భోజనానికి పిలిచి, రెండు మాటలు మాట్లాడమన్నారు. జడ్జీలు ఇంకో జడ్జి గురించి అలాంటి చోట్ల మాట్లాడకూడదు. లైల్ మాట్లాడాడు.

“ఆయనకి న్యాయం కన్నా కామా ఎక్కువ,” అన్నాడు.

చప్పట్లు మోగాయి. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాల్లో పడింది. శనివారం హోటల్లో అందరూ ఆ ఇద్దరి బల్లలకేసి చూస్తూ కూర్చున్నారు. హాల్వర్సన్ పేపరు మడిచి పట్టుకుని లైల్ దగ్గరికి వచ్చాడు.

“పేపర్లో చూశానోయ్.”

“అన్నాను. వెనక్కి తీసుకోను.”

“తీసుకోవద్దు. కానీ ‘ఆయనకి’ అనే మాట వీళ్ళు ఎగరగొట్టారు. అది లేకపోతే లోకంలో అందరికీ న్యాయం కన్నా కామా ఎక్కువని అర్థమొస్తుంది. నువ్వన్నది నా ఒక్కడి గురించి కదా? ఫోన్ చేసి దిద్దించు.”

లైల్‌కి ఒళ్ళు మండింది. అయినా పేపరువాళ్ళకి ఫోన్ చేశాడు. వాళ్ళు మర్నాడు ‘ఆయనకి’ చేర్చి అదే తిట్టుని మళ్ళీ వేశారు. మొదటిసారి చదవనివాళ్ళు కూడా చదివారు. హాల్వర్సన్ ఓడిపోయాడు. ‘జనం తిప్పి పంపేశారు’ అని పేపరు వేసింది. ఆ రాత్రి లైల్ భార్య అతనికి వడ్డించి, తను వంటగదిలోనే తినేసింది. ఎందుకని లైల్ అడగలేదు.

హాల్వర్సన్ కుర్చీలోకి కోల్‌మన్ ప్రైస్ అనే కుర్రాడొచ్చాడు. పెద్ద చదువు, చురుకు, ఒక్క కామా జోలికి పోడు. లైల్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్నాళ్ళకి తన తీర్పుని తీర్పులా చదివే మనిషి దొరికాడు.

ప్రైస్ తీర్పులా చదివాడు. స్కూలు బస్సు డ్రైవరు ఉద్యోగం పోయిన కేసులో లైల్ ఇచ్చిన తీర్పుని కొట్టేస్తూ ఇలా రాశాడు: “కింది కోర్టువారు ఆధారం చేసుకున్న చట్టం రద్దయి చాలా కాలమైంది. ఆ కోర్టులోకి కొత్త పుస్తకాలు రావడం ఎప్పుడు ఆగిపోయిందో తెలియడం లేదు.” పేపరువాళ్ళకి ఆ వాక్యం బిస్కెట్టులా దొరికింది. తరవాతి కేసులో “కింది కోర్టువారు సాక్ష్యాన్ని చదివారా, ఊహించారా?” అని రాశాడు. అదీ పేపర్లో పడింది. హోటల్లో కోడిగుడ్ల వ్యాపారి ఒకడు లైల్ చేతిలో మెనూ చూసి, “అది పాతదండీ, కొత్తది తెమ్మంటారా?” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వకుండా కిటికీ పక్కన పై ముక్క తింటున్నవాడు హాల్వర్సన్ ఒక్కడే.

లైల్ అవమానంతో రగిలిపోయాడు. ప్రైస్ రాసింది తప్పని నిరూపించాలని రద్దయిన చట్టాన్ని వారం రోజులు చదివాడు. అది రద్దవడమే తప్పని భార్యతో వాదించాడు. బస్సు డ్రైవరు సంగతి మాత్రం అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ చలికాలంలో రాజధానిలో జడ్జీలందరికీ ఏటా జరిగే సమావేశం వచ్చింది. భోజనాల దగ్గర లైల్‌కి ప్రధాన న్యాయమూర్తి మార్వా టిల్సన్ పక్కన చోటు దొరికింది. ఆవిడ సన్నటి మనిషి, మాట కత్తి. లైల్ ఎండిపోయిన చికెన్‌తో పోరాడుతూ మనసులో ఉన్నది కక్కేశాడు.

“తప్పుంటే చెప్పాలి కానీ నలుగురిలో ఇలా బట్టలూడదీస్తారా మేడమ్? ఆ ముసలాడే నయం. పిచ్చివాడే కానీ, కామాలతో సరిపెట్టేవాడు.”

మార్వా ఫోర్కు కింద పెట్టింది.

“నువ్వు నిజంగానే అంటున్నావా లైల్?”

“ఏమిటండీ?”

“ఆవుల కేసులో నీ తీర్పు కొట్టేయాలని ఆరుగురం ఒక మాట మీద ఉన్నాం. డాక్టరు సాక్ష్యం చదవకుండా రాశావని నేను రెండు పేజీలు రాసి కూడా పెట్టాను. ఎమిల్ బతిమాలాడు. ‘ఇది నాకు వదిలెయ్యండి, ఏదో ఒకటి వెతుకుతాను’ అన్నాడు. వెతికి, వెతికి, ‘సదరు ఆవు’ పట్టుకొచ్చాడు.”

లైల్ నోట్లో చికెన్ అలాగే ఉండిపోయింది.

“నోయెలా ఎవరో, నోయెలియా ఎవరో ఆయనకి తెలీదనుకున్నావా?” అంది మార్వా. “ఫైలు చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు. నీకు తప్ప.”

“మరి... అలాగని రాయొచ్చుగా?”

“నేనూ అదే అడిగాను. తిడితే మనిషి తన తప్పుకి కాపలా కూర్చుంటాడన్నాడు. కామా చూసుకోమంటే నన్ను తిట్టుకుంటూనైనా చదువుతాడు, చదివితే వాడే దిద్దుతాడన్నాడు. నువ్వొక్కడివే కాదులే, ఉబ్బిపోకు. రాష్ట్రంలో కింది జడ్జీలందరికీ ఇదే వైద్యం. నీకు మోతాదు ఎక్కువ పడింది, అంతే.”

“ఎన్నికలప్పుడైనా నోరు విప్పొచ్చుగా ఆయన!”

“విప్పితే ఎవరెవరు ఏం తప్పులు చేశారో చెప్పాలిగా. మొదటి పేరు నీది.”

లైల్ మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

“ఆయన్ని దేవుణ్ణి చెయ్యకు,” అంది మార్వా, గొంతు తగ్గించి. “నువ్వు పేరు వెతుక్కుంటూ కూర్చున్నన్నాళ్ళూ ఆ పిల్ల తల్లి దగ్గర లేదు. మేం ఆ రోజే కొట్టేసి ఉంటే ఇంకా ముందే ఇంటికెళ్ళేది. నీ మొహం దాచడానికి ఆ పిల్ల కట్టిన ఖరీదు అది. ఆ మాట ఎమిల్ మొహం మీదే అన్నాను. అన్నిటికీ ఏదో ఒకటి చెప్పే మనిషి, దానికి మాత్రం అవునని ఒప్పుకున్నాడు.”

ఊరికి తిరిగొస్తూ దారిపొడవునా లైల్ హాల్వర్సన్‌తో ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాడు. ఊరు రాగానే అవన్నీ పోయాయి. ఆ శనివారం హోటల్‌కి వెళ్ళలేదు. ఆ తరవాతి శనివారం కూడా వెళ్ళలేదు. ఇంట్లో కాఫీ పెట్టుకోవడం నేర్చుకున్నాడు. అది తాగలేక పారబోసేవాడు. బస్సు డ్రైవరు కేసు మాత్రం మళ్ళీ చదివాడు. చదివాక, ప్రైస్ రాసింది అక్షరాలా నిజమని ఒప్పుకోక తప్పలేదు. ఎవరితోనూ ఒప్పుకోలేదు, తనతోనే.

తరవాతి ఏడు ‘ఉంచాలా, వద్దా’ వంతు లైల్‌కి వచ్చింది. సత్వర న్యాయ సంఘంవాళ్ళు కొత్త పుస్తకాల వాక్యాన్ని బోర్డుల మీద వేయించి జిల్లాలోని ఊళ్ళన్నిటిలోనూ పాతారు. ఒకప్పుడు తనకి చప్పట్లు కొట్టినవాళ్ళే వాటిని పాతుతుంటే లైల్ కారు అద్దంలోంచి చూశాడు.

ఎన్నికలకి ముందు శనివారం దాణా కొట్టు ముందు కారు ఆపబోతూ బ్రేకు మీద కాలు అలాగే ఉంచేశాడు. గుమ్మంలో, మంచులో, చెవుల టోపీ పెట్టుకుని హాల్వర్సన్ నిలబడి ఉన్నాడు. దాణా బస్తా భుజాన వేసుకుని బయటికొస్తున్న రైతుని మోచెయ్యి పట్టుకుని ఆపాడు. లైల్ అద్దం కొంచెం దించాడు.

“గ్రేబర్‌ని ఉంచమని ఓటెయ్యి,” అంటున్నాడు హాల్వర్సన్.

“నా కేసులో నన్ను ఓడించాడండీ ఆయన.”

“ఓడిపోవాల్సిన కేసే అది. నేను చదివాను.”

రైతు బస్తా ఇంకో భుజానికి మార్చుకున్నాడు. “తప్పులు చేస్తాడని బోర్డుల మీద రాశారు కదండీ?”

“చేస్తాడు. అందులో సందేహమేమీ లేదు. చాలా చేస్తాడు. కానీ మళ్ళీ చూడమంటే చూస్తాడు. అలా చూసేవాళ్ళు ఎంతమందున్నారు చెప్పు?”

“మిమ్మల్ని ఓడించింది కూడా ఆయనే కదండీ!”

“అదొక తప్పు,” అన్నాడు హాల్వర్సన్.

లైల్ కారు దిగాడు. రైతు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి బస్తాతో సహా జారుకున్నాడు.

“మీరు నాకు ఓట్లు తెస్తున్నారా, పోగొడుతున్నారా?” అన్నాడు లైల్.

“ఇప్పుడు నేను జడ్జిని కాదుగా. ఎవరి గురించైనా మాట్లాడుకోవచ్చు. ఉన్నదే చెబుతున్నాను.”

“మార్వా అంతా చెప్పిందండీ.”

“ఆవిడకి నోరాగదు.”

“ఆ రోజు నేను...” అని మొదలుపెట్టాడు లైల్. “నేను ఆ రోజు అలా...”

“చలిగా ఉందోయ్,” అన్నాడు హాల్వర్సన్. “నువ్వు లోపలికెళ్ళి దాణా కొనుక్కో. నువ్విక్కడ నిలబడితే జనం మొహమాటపడి సరే సరే అంటారు. అలా వచ్చిన ఓటు నిలవదు.”

లైల్‌కి పశువులు లేవు. అయినా వెళ్ళి ఒక బస్తా కొన్నాడు.

ఎన్నికలో లైల్ గట్టెక్కాడు. జిల్లాలోని నాలుగు ఊళ్ళ ఓట్లూ కలిపితే వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఊళ్ళవారీగా చూస్తే మూడు ఊళ్ళు అతన్ని ఉంచమన్నాయి. సొంతూరు హార్వే క్రీక్ ఒక్కటే చిత్తుగా వద్దంది. హాల్వర్సన్ ప్రచారం చేసింది ఆ ఒక్క ఊళ్ళోనే.

డోరీన్ ఆ పేపరు చదివి, గుమ్మంలో ట్రక్కు చప్పుడు వినగానే మడిచి గల్లాపెట్టె కింద పడేసింది. హాల్వర్సన్ లోపలికి వచ్చాడు. కిటికీ పక్క బల్ల దగ్గర, చాలా కాలానికి హోటల్‌కి వచ్చిన లైల్, ఎదురు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“నెగ్గావటగా!” అన్నాడు హాల్వర్సన్. “మనూళ్ళో ఎన్ని పడ్డాయేమిటి?”

హోటల్లో ఉన్నవాళ్ళందరూ పేపరు చదివే వచ్చారు. డోరీన్ లైల్ కేసి చూసింది.

“మనూరే గట్టెక్కించింది,” అన్నాడు లైల్. “మీరు అక్కడ నిలబడకపోతే పోయేవాణ్ణి.”

హాల్వర్సన్ మొహం చలికి ఎర్రబడిందో, సంతోషానికి ఎర్రబడిందో చెప్పలేం. టోపీ తీసి బల్లమీద పెట్టి, హోటలంతా వినబడేలా అన్నాడు.

“నేను ముందే అనుకున్నాను. జనానికి ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు!”

“చాలు,” అన్నాడు లైల్, ఆయన కప్పులో కాఫీ పోస్తూ.